మట్టి దులుపుకొని మళ్లీ బరిలోకి

ఓడిన మనిషి మళ్లీ వచ్చి అదే ప్రత్యర్థి ముందు నిలబడితే చూసేవాళ్లకు పండగే. ఆ పోటీకి తీర్పు చెప్పడం మాత్రం అంత తేలిక కాదు. పాత ఓటమిని లెక్కలోకి తీసుకోవాలా? పడి లేచినందుకు రెండు మార్కులు ఎక్కువ వేయాలా? జహీరాబాద్ పక్క ఊళ్ల కుస్తీ బరి నుంచి నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ నిలిచిన బాక్సింగ్ రింగ్ దాకా వెంటాడే ప్రశ్న ఇది.

హైదరాబాద్ నుంచి ముంబై రోడ్డు పట్టుకుని సంగారెడ్డి, సదాశివపేట దాటి ముందుకెళ్తే కాసేపటికి నేల ఎర్రబడుతుంది. వాన పడిన మర్నాడైతే చెప్పక్కర్లేదు, పొలం గట్లకు ఎవరో కుంకుమ చల్లిపోయినట్టే ఉంటుంది. రోడ్డు పక్కన తట్టల్లో కోహీర్ జామకాయలు, చెరకు లోడుతో మెల్లగా కదిలే ట్రాక్టర్లు, పుణె వైపు దూసుకుపోయే లారీలు కనిపిస్తున్నాయంటే జహీరాబాద్ వచ్చేసినట్టే. రాజధాని నుంచి వంద కిలోమీటర్లు దాటి కాస్త దూరం. ఇక్కణ్నుంచి కర్ణాటకలోని బీదర్‌కు సుమారు 30 కిలోమీటర్లే.

సరిహద్దు ఊరు కావడంతో ఇక్కడి సంతలో ఒక్క బేరం తెగేలోపు తెలుగు, దక్కనీ ఉర్దూ, కన్నడం మూడూ చెవిన పడతాయి. నడుమ ఓ మరాఠీ మాట దొర్లినా ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. అల్లం, ఆలుగడ్డ, చెరకు, కంది ఈ నేల పంటలు. 2016లో జిల్లాలు మారినప్పుడు మెదక్ జిల్లా నుంచి సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది.

‘మళ్లీ’ అనే మాట ఈ ఊరికి కొత్త కాదు. 1980ల్లో ఆల్విన్ నిస్సాన్ వ్యాన్లు తయారైన ఊరిది. ఆ కంపెనీ మహీంద్రా చేతికి వెళ్లింది. 2013 నుంచి ఇక్కడ ట్రాక్టర్లు తయారవుతున్నాయి. పక్కనే పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు కొర్ర, సామ, జొన్న విత్తనాలను కుండల్లో, బుట్టల్లో దాచి మళ్లీ పొలంలోకి తెచ్చాయి. వరి, గోధుమల ముందు ఓడిపోయాయనుకున్న గింజలవి. ఆ కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరుపుకొంది. అయినా ఇక్కడి రైతమ్మ పంటను బహుమతి చూసి మెచ్చుకోదు. ‘ఈ ఏడు పండిందా లేదా?’ అనే అడుగుతుంది.

మళ్లీ వచ్చిన బాక్సర్‌ను చూసేటప్పుడు కూడా మొదట అడగాల్సిన ప్రశ్న అదే.

కొబ్బరికాయ నుంచి కడియం దాకా

ఈ ప్రాంతంలో పోటీ అంటే ముందుగా గుర్తొచ్చేది కుస్తీ. జాతరలకు, ఉర్సులకు చివరి రోజు కుస్తీలు పెట్టడం ఈ సరిహద్దు ఊళ్లలో పాత ఆనవాయితీ. దున్ని మెత్తగా చేసిన మట్టి బరి, చుట్టూ నాలుగైదు వరసల జనం, డప్పుల మోత. మొదట చిన్నపిల్లల్ని దింపుతారు. గెలిచినవాడికి కొబ్బరికాయ ఇస్తారు. అక్కణ్నుంచి పందెం పెరుగుతూ పోయి, పొద్దుగూకే వేళకు పెద్ద పహిల్వాన్లు బరిలోకి వస్తారు. ఆఖరి కుస్తీ గెలిచినవాడి చేతికి వెండి కడియం. బీదర్ వైపు నుంచి, మహారాష్ట్ర నుంచి కూడా పహిల్వాన్లు వస్తారు. తాలీముల్లో ఏడాదంతా చేసిన కసరత్తుకు ఆ సాయంత్రమే పరీక్ష.

మట్టి కుస్తీలో తీర్పు చాలా సులువు. ప్రత్యర్థి వీపు నేలకు తాకించి చిత్ చేస్తే గెలుపు. తాకిందో లేదో చుట్టూ ఉన్న వందలమంది కళ్లతో చూస్తారు. ఎంతసేపటికీ ఇద్దరిలో ఎవరూ చిత్ కాకపోతే ‘బరాబర్’ అని విడదీస్తారు. ఓడినవాడి ఊరివాళ్లు కాసేపు గొడవపడతారు. ఆ తర్వాత వస్తాదు భుజం తట్టి బయటికి తీసుకెళ్తూ అనే మాట ఒకటే. ‘వచ్చే జాతరకు చూద్దాం తీయ్.’

అదే రీమ్యాచ్. ఏడాది గడుస్తుంది. అదే జోడీ అదే బరిలోకి దిగుతుంది. ఈసారి జనం చూసే చూపు మారిపోతుంది. పోయినసారి ఓడినవాడు ఒక్క పట్టు పట్టినా చప్పట్లు మోగుతాయి. గెలిచినవాడు రెండు పట్లు పట్టినా ‘అది ఆయన రోజూ చేసేదే కదా’ అని ఊరుకుంటారు. కుస్తీలో దీనివల్ల నష్టం లేదు. వీపు తాకిందా లేదా అన్నది చప్పట్లను బట్టి మారదు. బాక్సింగ్‌లో అలా కాదు. అక్కడ చాలా బౌట్లలో ఎవరి వీపూ నేలకు తాకదు. రింగ్ చుట్టూ కూర్చున్న ఐదుగురు మనుషులు ఏం చూశారన్న దాని మీదే ఫలితం తేలుతుంది. చూపు ఏమాత్రం పక్కకు వాలినా తీర్పూ అటే వాలుతుంది.

ఓట్ల బరిలోనూ పాత జోడీయే

జహీరాబాద్‌వాళ్లు ఈమధ్యే మరో రీమ్యాచ్‌కు తీర్పు చెప్పారు. 2009లో తొలిసారి ఎన్నిక జరిగిన జహీరాబాద్ లోక్‌సభ స్థానంలో గెలిచింది సురేశ్ షెట్కార్. 2014లో ఆయన బి.బి.పాటిల్ చేతిలో ఓడిపోయారు. 2019లో వేరే ప్రత్యర్థిపై పాటిల్ మరోసారి నెగ్గారు. 2024లో పాత జోడీ మళ్లీ ఎదురైంది. ఈసారి గెలుపు షెట్కార్‌ది. పదేళ్ల తర్వాత వచ్చిన అవకాశమని చాయ్ హోటళ్లలో ఎంత మాట్లాడుకున్నా, పెట్టెల్లో లెక్కించింది మాత్రం 2024లో పడిన ఓట్లనే. 2014 ఓట్లను ఎవరూ బయటికి తీయలేదు.

ఈ నియోజకవర్గానికి ఇంకో విశేషం ఉంది. పేరు జహీరాబాద్‌దే అయినా దాని ఏడు అసెంబ్లీ స్థానాల్లో నాలుగు పాత నిజామాబాద్ జిల్లావి. బాన్సువాడ, జుక్కల్, ఎల్లారెడ్డి, కామారెడ్డి. ఉత్తరంగా నారాయణఖేడ్ దాటి బాన్సువాడ మీదుగా బోధన్, నిజామాబాద్ వైపు వెళ్తే, తెలుగువాళ్లకు బాక్సింగ్‌ను ఇంటి మాటగా చేసిన అమ్మాయి ఊరు వస్తుంది.

నిజామాబాద్ నుంచి ఇస్తాంబుల్‌కు

నిఖత్ జరీన్ 1996 జూన్ 14న నిజామాబాద్‌లో పుట్టింది. తండ్రి జమీల్ అహ్మద్‌కు ఆటలంటే ప్రాణం. బాక్సింగ్‌లో తొలి పాఠాలు చెప్పింది అదే ఊళ్లో కోచ్ షంసముద్దీన్. ఆడపిల్ల ముఖం మీద దెబ్బలు తింటే పెళ్లెలా అవుతుందని చుట్టుపక్కలవాళ్లు బుగ్గలు నొక్కుకున్న రోజులవి. 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ టైటిల్ గెలిచి వచ్చాక ఆ మాటలు కొంత సద్దుమణిగాయి.

2017లో భుజానికి పెద్ద గాయమైంది. దాదాపు ఏడాది ఆటకు దూరం. బాక్సర్‌కు భుజం పోవడమంటే రైతుకు ఎద్దు పోవడమే. 2018లో బెల్‌గ్రేడ్‌లో స్వర్ణంతో తిరిగొచ్చింది. 2019లో బల్గేరియాలోని స్ట్రాంజా టోర్నీలో పసిడి, ఆసియా చాంపియన్‌షిప్‌లో కాంస్యం సాధించింది. అప్పటికే ఆ బరువు విభాగంలో దేశానికి తిరుగులేని పేరు మేరీకోమ్. ఆరుసార్లు ప్రపంచ విజేత. 2019 మే నెలలో గువాహటిలో జరిగిన ఇండియా ఓపెన్ సెమీస్‌లో ఇద్దరూ తలపడ్డారు. మేరీ 4-1తో గెలిచింది.

ఆ ఏడాదే ఒలింపిక్ క్వాలిఫయింగ్ టోర్నీకి ట్రయల్స్ లేకుండా నేరుగా మేరీని పంపాలన్న ఆలోచన బయటికొచ్చింది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చింది కదా అన్నది సమర్థకుల వాదన. 23 ఏళ్ల నిఖత్ అప్పటి క్రీడల మంత్రి కిరణ్ రిజిజుకు బహిరంగ లేఖ రాసింది. తనను పంపమని ఆమె కోరలేదు. పోటీ పెట్టమని అడిగిందంతే. దేశమంతా దాని మీద వాదులాడుకుంది. చివరకు 2019 డిసెంబర్ 28న ఢిల్లీలో ట్రయల్ బౌట్ జరిగింది. మేరీ 9-1తో గెలిచింది. బౌట్ అయ్యాక మేరీ చేయి కలపకుండానే వెళ్లిపోవడం ఆ రోజంతా టీవీల్లో పెద్ద వార్త. ఫలితం మీద తెలంగాణ బాక్సింగ్ సంఘం వాళ్లు అక్కడే నిరసన తెలిపారు.

ఇక్కడ రెండు సంగతులను విడివిడిగా చూడాలి. పోటీ అడిగే హక్కు ఒకటి. పోటీలో గెలిచే హక్కు ఇంకొకటి. మొదటిది ఉండి తీరాలి. ఎంత గొప్ప విజేత అయినా ఆమె పేరు చూసి తలుపు మూయడం న్యాయం కాదు. రెండోది ఎవరికీ పుట్టుకతో రాదు. పోరాడి తలుపు తెరిపించుకున్నంత మాత్రాన లోపల ఒక్క పాయింటూ అదనంగా రాదు. నిఖత్ లేఖ రాయడం సరైనదే. ఆ తర్వాత ఓడిపోవడం కూడా నిజమే. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాల్సిన పని లేదు.

ఐదుగురు, తొమ్మిది నిమిషాలు

ఇంతకీ రింగ్ పక్కన కూర్చున్నవాళ్లు ఏం చూస్తారు? ఒలింపిక్ తరహా బాక్సింగ్‌లో మూడు రౌండ్లు. ఒక్కోటి మూడు నిమిషాలు. ఐదుగురు జడ్జిలు ఎవరికి వారే మార్కులు వేస్తారు. రౌండ్ గెలిచినవారికి 10, ఓడినవారికి 9. బాగా వెనకబడితే 8. ఇంకా దారుణమైతే 7. పిడికిలి ముందుభాగంతో, తల ముందువైపో పక్కలకో, లేదా నడుం పైభాగానికో శుభ్రంగా తగిలిన పంచ్‌కే విలువ. అరచేత్తో తగిలినవి, చేతుల మీద పడినవి ఎన్నయినా లెక్కలోకి రావు. ఆ తర్వాత చూసేది ఎత్తుగడల్లో ఎవరిది పైచేయి, పోరాటంలో ఎవరి చొరవ ఎక్కువ అన్నది.

టీవీ ముందు కూర్చున్నవారికి తికమక వచ్చేది ఇక్కడే. ముందుకు దూసుకొచ్చే బాక్సర్ గెలుస్తున్నట్టు కనిపిస్తుంది. వెనక్కి అడుగులేస్తూ రెండే రెండు పంచ్‌లు సూటిగా తగిలించిన బాక్సర్‌కు రౌండ్ పోతుంది. వ్యాఖ్యాత గొంతు పెంచితే మన గుండె కూడా అటే లాగుతుంది. గొంతు తగ్గించి ఒక రౌండ్ చూస్తే చాలు, లెక్క ఎంత వేరుగా కనిపిస్తుందో తెలుస్తుంది.

ఇంకో చిక్కు కూడిక. 2021లో టోక్యో ఒలింపిక్స్ ప్రీక్వార్టర్స్‌లో మేరీకోమ్, కొలంబియాకు చెందిన ఇంగ్రిట్ వలెన్సియా తలపడ్డారు. అంతకుముందు 2019 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో వలెన్సియాను మేరీ ఓడించింది. అంటే ఇది వలెన్సియాకు తిరిగి లేచే అవకాశం. తొలి రౌండ్‌లో ఐదుగురిలో నలుగురు జడ్జిలు వలెన్సియా వైపు మొగ్గారు. రెండు, మూడు రౌండ్లలో ముగ్గురేసి మేరీ వైపు. రౌండ్లు చూస్తే మేరీకి రెండు, వలెన్సియాకు ఒకటి. తుది ఫలితం మాత్రం 3-2తో వలెన్సియాది! ఎందుకంటే రౌండ్లను గంపగుత్తగా కూడరు. ఒక్కో జడ్జి తాను వేసిన మూడు రౌండ్ల మార్కులు కలిపి తన విజేతను చెబుతాడు. అలా ముగ్గురి లెక్కలో వలెన్సియా ముందుంది. తానే గెలిచానని మేరీ అనుకుంది. ఇంట్లో చూస్తున్న లక్షలమందీ అదే అనుకున్నారు. నియమం తెలిశాక కోపం పూర్తిగా పోకపోవచ్చు. కానీ కోపం ఎవరి మీదో, దేని మీదో కాస్త తేటపడుతుంది.

జడ్జిలంతా ధర్మరాజులేమీ కాదు. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్‌లో అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్ 86 పంచ్‌లు తగిలించాడు. కొరియాకు చెందిన పార్క్ సి-హున్ తగిలించినవి 32. గెలుపు 3-2తో పార్క్‌కు ఇచ్చారు. ఆ గొడవ తర్వాతే మీటలు నొక్కి పాయింట్లు లెక్కించే కంప్యూటర్ పద్ధతి వచ్చింది. 2013లో దాన్నీ పక్కనపెట్టి పది మార్కుల పద్ధతి తెచ్చారు. 2016 రియోలో బౌట్ల ఫలితాలు తారుమారు చేశారని తర్వాత జరిగిన దర్యాప్తులో తేలింది. 2023లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం పాత బాక్సింగ్ సమాఖ్య గుర్తింపునే రద్దు చేసింది. వరల్డ్ బాక్సింగ్ అనే కొత్త సంస్థకు 2025లో తాత్కాలిక గుర్తింపు దక్కాకే 2028 లాస్‌ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఈ ఆటకు చోటు ఖాయమైంది. తీర్పు మీద నమ్మకం పోతే ఆటే పోయే ప్రమాదం ఉందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మూడు ఊళ్లు, మూడు బౌట్లు

మేరీతో ఓటమి తర్వాత నిఖత్ కథలో అసలైన రీమ్యాచ్ టర్కీ బాక్సర్ బుసెనాజ్ చాకిరోగ్లుతో నడిచింది. 2021 మార్చిలో ఇస్తాంబుల్‌లో బాస్ఫరస్ టోర్నీ జరిగింది. ఇద్దరు ప్రపంచ విజేతలను వరసగా ఓడించి నిఖత్ సెమీస్ చేరింది. అక్కడ సొంతగడ్డ మీద ఉన్న చాకిరోగ్లు 0-5తో ఓడించింది. ఒక్క జడ్జి కూడా నిఖత్ వైపు లేడు. ఆ ఏడాదే చాకిరోగ్లు టోక్యోలో ఒలింపిక్ రజతం సాధించింది.

పదకొండు నెలలు గడిచాయి. 2022 ఫిబ్రవరి, బల్గేరియా రాజధాని సోఫియా, స్ట్రాంజా టోర్నీ సెమీస్. మళ్లీ అదే జోడీ. ఈసారి నిఖత్ 4-1తో గెలిచింది. ఫైనల్లోనూ నెగ్గి స్వర్ణం పట్టుకొచ్చింది. మే 19న ఏ ఊళ్లో ఓడిందో అదే ఇస్తాంబుల్‌లో, థాయ్‌లాండ్‌కు చెందిన జిట్‌పాంగ్ జుటామస్‌ను 5-0తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయింది. మరుసటి ఏడాది మార్చిలో ఢిల్లీలో రెండో ప్రపంచ టైటిల్. ఈ రెండింటి నడుమ కామన్వెల్త్ స్వర్ణం.

సినిమా అయితే ఇక్కడే శుభం కార్డు వేసేవారు. జీవితం అలా ఊరుకోదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో నిఖత్ చైనా బాక్సర్ వు యు చేతిలో 0-5తో వెనుదిరిగింది. వు యు ఆ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది. ఫైనల్లో ఆమె చేతిలో ఓడి రజతంతో సరిపెట్టుకున్నది ఎవరో కాదు, చాకిరోగ్లే. 2025 సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ ప్రపంచ చాంపియన్‌షిప్ క్వార్టర్స్‌లో నిఖత్, చాకిరోగ్లు మూడోసారి ఎదురయ్యారు. 5-0తో గెలుపు టర్కీ అమ్మాయిది. రెండు నెలలకే, నవంబర్‌లో గ్రేటర్ నోయిడాలో జరిగిన వరల్డ్ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో చైనీస్ తైపీకి చెందిన గువో యి-షువాన్‌ను 5-0తో ఓడించి నిఖత్ స్వర్ణం గెలిచింది.

ఇప్పుడు చెప్పండి. సోఫియా గెలుపు ఇస్తాంబుల్ ఓటమిని తుడిచేసిందా? లివర్‌పూల్ ఓటమి సోఫియా గెలుపును కొట్టేసిందా? రెండూ జరగలేదు. మూడు బౌట్లు, మూడు తీర్పులు. దేనికదే నిలబడుతుంది. 2022లో సోఫియాలో కూర్చున్న జడ్జి ఇస్తాంబుల్ స్కోరును మనసులో పెట్టుకుని ఉంటే నిఖత్‌కు అన్యాయం జరిగేది. లివర్‌పూల్‌లో కూర్చున్న జడ్జి, పారిస్‌లో ఏడ్చిన అమ్మాయి కదా అని జాలిపడి ఉంటే చాకిరోగ్లుకు అన్యాయం జరిగేది.

మరిచిపోవాల్సినవారు, గుర్తుంచుకోవాల్సినవారు

పిల్లల చదువులున్న ఇళ్లలో ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఇంటర్ సప్లిమెంటరీ రాసిన పిల్లవాడి పేపర్ దిద్దే లెక్చరర్‌కు ఆ పిల్లవాడు ఎవరో తెలియదు. హాల్‌టికెట్ నంబర్ కనిపించదు. మార్చిలో ఎన్ని వచ్చాయో తెలియదు. రాత్రుళ్లు కూర్చుని చదివాడని జాలిపడి రెండు మార్కులు కలపడు, ఒకసారి తప్పాడని రెండు తగ్గించడు. ఎదురుగా ఉన్న జవాబే చూస్తాడు. అమ్మానాన్నలకు మాత్రం మార్చి నుంచి మే దాకా ఆ పిల్లవాడు పడ్డ అవస్థంతా తెలుసు. పాసైన రోజు వాళ్ల కళ్లలో నీళ్లు తిరిగేది అందుకే. దిద్దేవారు మరిచిపోవాలి, ఇంట్లోవారు గుర్తుంచుకోవాలి. ఈ రెండు పనులూ తారుమారైతేనే ముప్పు.

రింగ్‌లోనూ అంతే. జడ్జి పని ఆ తొమ్మిది నిమిషాలకే పరిమితం. చూసేవాళ్లం మనం మాత్రం మొత్తం కథను చూడొచ్చు, చూడాలి కూడా. అయితే చప్పట్లకు ముందు కొన్ని ప్రశ్నలు వేసుకుంటే మన మెచ్చుకోలుకు విలువ పెరుగుతుంది. పోయినసారి ఏ లోపంతో ఓడింది, ఆ లోపాన్ని ఈసారి సరిదిద్దుకుందా? ఎదుట ఉన్నది అప్పటి ప్రత్యర్థేనా, లేక గాయంతోనో వయసుతోనో బరువు మారో సగమైపోయిన మనిషా? గెలుపు తన ఎత్తుగడతో వచ్చిందా, ఎదుటివారి పొరపాటుతో కలిసొచ్చిందా? ఓడితే మాత్రం, మొదటిసారికంటే దగ్గరగా వచ్చి ఓడిందా?

ఈ కొలతకు పాత ఉదాహరణ అమెరికా హెవీవెయిట్ ఫ్లాయిడ్ ప్యాటర్సన్. 1959 జూన్ 26న స్వీడన్ బాక్సర్ ఇంగెమార్ యోహాన్సన్ అతణ్ని ఒకే రౌండ్‌లో ఏడుసార్లు కిందపడేసి ప్రపంచ టైటిల్ లాక్కున్నాడు. ఏడాది తిరగకుండానే, 1960 జూన్ 20న అదే ప్రత్యర్థిని ప్యాటర్సన్ ఐదో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. పోయిన హెవీవెయిట్ టైటిల్‌ను తిరిగి గెలిచిన మొదటి బాక్సర్ అతనే. అదే మనిషి, అదే కిరీటం, మధ్యలో గడిచింది ఏడాదిలోపే. పైగా తీర్పు జడ్జిల చేతుల్లోకి వెళ్లనే లేదు. మన కుస్తీ భాషలో చెప్పాలంటే శుభ్రంగా చిత్. అయినా ఏడుసార్లు పడిన ఆ మొదటి రాత్రి రికార్డుల్లోంచి చెరిగిపోలేదు. చెరిగిపోనందుకే రెండో రాత్రికి అంత విలువ.

బరిలో దీపాలు వెలిగే వేళ

జహీరాబాద్ చుట్టుపక్కల ఏ జాతరకైనా వెళ్లండి. మహాశివరాత్రికి ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుణ్ని దర్శించుకోవడానికి మూడు రాష్ట్రాల జనం వస్తారు. అలాంటి సందడిలో, మిఠాయి దుకాణాలు, గాజుల కొట్లు దాటుకుని వెళ్తే ఏదో ఒక మూల డప్పు చప్పుడు వినిపిస్తుంది. లైట్లు వెలిగాక ఎర్రమట్టి ఇంకాస్త ఎర్రగా కనిపిస్తుంది.

బరి చుట్టూ కూర్చున్న పెద్దమనుషుల్ని కదిపితే పాత కుస్తీల కథలు ఆగకుండా వస్తాయి. ఎవరు ఎవరిని ఏ పట్టుతో పడేశారో, ఎవరు ఎన్నేళ్లకు బాకీ తీర్చుకున్నారో వేళ్ల మీద లెక్కపెడతారు. ఆ జ్ఞాపకాలన్నీ వాళ్లవి. బరిలో నిలబడి చేయి ఎత్తే పెద్దాయన మాత్రం వాటిలో ఒక్కటీ వినిపించుకోడు. వంగి, మట్టికి దగ్గరగా ముఖం పెట్టి, వీపు తాకిందా లేదా అని చూస్తాడు.

కొబ్బరికాయ కుస్తీలో ఓడిన పిల్లవాడు ఏడుపు ఆపుకుంటూ పక్కకొచ్చి కూర్చుంటాడు. ఒంటి నిండా ఎర్రమట్టి. తండ్రో మేనమామో తువ్వాలుతో వీపు తుడుస్తాడు. ‘గట్లెట్ల పడ్డవ్రా?’ అని ఒకసారి అడుగుతాడు. ‘కాలు ముందుకు పెట్టిన కాకా’ అంటాడు పిల్లవాడు. ‘మల్ల పెట్టకు’ అంటాడు ఆయన. అంతే. రేపటి నుంచి తాలీముకు పోవడానికి ఆ రెండు మాటలు చాలు.

వచ్చే ఏడు ఆ పిల్లవాడు మళ్లీ దిగుతాడు. అతను కాలు ముందుకు పెట్టాడా లేదా అన్నది ఇంటివాళ్లు చూస్తారు. ఎవరి వీపు మట్టికి తాకిందన్నది చేయి ఎత్తే పెద్దాయన చూస్తాడు.